మా గోనెసంచిని కూడా పరీక్షకు పిలవండి

శిక్షణ విభాగం పెద్దలకు,

సంస్థ పేరు రాయడం లేదు. రాస్తే ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. చోరనూరు నుంచి అంటే ఎవరో మీరే పోల్చుకుంటారు. ఈ పక్క మీ అంబులెన్సు ఒక్కటే.

పోయిన వారం వాట్సాప్‌లో మీ నోటీసు వచ్చింది. మూడే వాక్యాలు. సర్టిఫికెట్ గడువు దాటిన టెక్నీషియన్లు వచ్చే నెల ఒకటో తేదీ నుంచి బండి ఎక్కరాదు. రెన్యువల్ పరీక్ష బెంగళూరులో మాత్రమే. ఖర్చూ సెలవూ అభ్యర్థివే. ఆ ‘అభ్యర్థి’ అన్నచోట కాసేపు ఆగిపోయాను సార్. 2009లో హైదరాబాదు దగ్గర ఏడు వారాలు నేర్చుకుని బండి ఎక్కినవాణ్ణి. ఒక్క మెసేజ్‌తో మళ్లీ అభ్యర్థినయ్యాను.

గడువు దాటిన మాట నిజమే. దాటించింది ఎవరు? కార్డు ఇంకా చెల్లుతుండగానే రెండుసార్లు అర్జీ పెట్టాను. ఒకసారి బ్యాచ్ నిండలేదన్నారు. ఇంకోసారి నా బదులు బండి మీదికి మనిషి లేడు, సెలవు ఇవ్వలేమన్నారు. ఆ రెండు జవాబులూ నా ఫోనులో ఉన్నాయి. మీ దగ్గర లేవా?

రెన్యువల్ వద్దని నేననడం లేదు, అది ముందే చెప్పేస్తాను. నేను నేర్చుకున్నప్పుడు, గుండె ఆగిన మనిషికి ముందు గొంతు దారి, తర్వాత ఊపిరి, ఆ తర్వాతే గుండె. ఏ, బీ, సీ అని ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లం. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్లు ఆ వరస మార్చేశారు. ముందు రొమ్ము మీద నొక్కాలి, తక్కినవి తర్వాత అన్నారు. రిఫ్రెషర్‌కు పోకపోయి ఉంటే పాత వరసలోనే ఎన్ని నిమిషాలు పోగొట్టేవాడినో. రెండేళ్లకోసారి కార్డు మార్చుకోమనడం సబబే. మీరు మార్చేది కార్డునా, చేతినా అన్నదే నా గోడు.

చేతి సాధన కోసం మా ఇంట్లో వేరుశనగ పొట్టు కుక్కిన గోనెసంచి ఒకటుంది. నెలకు రెండుసార్లు దాన్ని వసారాలో పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులు వంచకుండా నొక్కుతాను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు రెండు ఊపిర్లు. మా ఆవిడ ఫోనులో టైము చూసి లెక్కపెడుతుంది. ‘తొంభై కూడా కాలా’ అంటుంది ఒక్కోసారి, పొయ్యి మీద రాగిసంగటి కెలుకుతూనే. ఆమెకు అబద్ధం చెప్పలేం. కానీ సంచితో ఒక చిక్కుంది. నొక్కితే దిగుతుందేగానీ తిరిగి లేవదు. ప్రతి నొక్కుకూ రొమ్ము పూర్తిగా పైకి లేవనివ్వాలి, అప్పుడే గుండెలోకి రక్తం చేరుతుంది. ఆ సంగతి సంచి నేర్పదు, మీ శిక్షణ బొమ్మ నేర్పుతుంది. సూట్‌కేసులో పట్టే బొమ్మే కదా, అది బళ్లారి దాకా రాలేదా? సండూరు గనుల దుమ్ములో లారీల మధ్య మేము రాత్రంతా తిరుగుతుంటే, బొమ్మ మాత్రం బెంగళూరు ఏసీ గది దాటదా?

పరీక్ష సంగతి కూడా చెప్పనివ్వండి. పోయినసారి పేపరు మొత్తం ఇంగ్లీషులో. మంచుకు వేళ్లు చచ్చుబడితే ఏం చేయాలని ఒక ప్రశ్న! చోరనూరులో! పాము అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. పాముకాటు కేసు ప్రతిదీ సర్కారుకు తెలపాల్సిందేనని 2024లో మన కర్ణాటకే నియమం పెట్టింది. 2030 నాటికి పాముకాటు చావులను సగానికి తగ్గిస్తామని కేంద్రం అదే ఏడు ప్రణాళిక ప్రకటించింది. ఇవి మీ పేపరు పెట్టేవాళ్ల దాకా రాలేదా?

మొన్న శనగచేలో పాము కరిచిన ఒకామెను బండి ఎక్కించాం. పిక్క పైన నులక తాడు చర్మంలోకి దిగిపోయేలా కట్టి ఉంది. వాళ్లన్న కొడవలి తీసి కొయ్యబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. అంత బిగువుగా కట్టిన కట్టు దారిలో విప్పెయ్యకూడదు, విషం ఒక్కసారిగా ఒంట్లోకి పాకుతుంది. విరుగుడు మందు సిద్ధంగా ఉన్నచోట డాక్టరు ఎదుట విప్పాలి. ఇదంతా ఆయనకు తెలుగులో చెప్పాను, ఆమె అత్తకు కన్నడంలో చెప్పాను, తండా నుంచి వచ్చిన డ్రైవరు మిగతావాళ్లకు లంబాడీలో చెప్పాడు. కాలు కదలకుండా పలకకు కట్టి తీసుకుపోయాం. ఆమె బతికింది. దీనికి మీ పేపరులో ఎన్ని మార్కులు?

ఇక 2021 నాటి అలైడ్ హెల్త్ చట్టం ఒకటి. అందులో మా వృత్తికీ చోటు దొరికింది, సంతోషమే. కానీ గుర్తింపు రావాలంటే 2,000 గంటలకు తగ్గని చదువు, రెండు నుంచి నాలుగేళ్లు. మాది ఏడు వారాల చదువు. బండిలో గడిచిన రాత్రులను గంటల్లోకి మార్చి లెక్కగట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా తరఫున అడగాల్సింది మీరు కాదా? మమ్మల్ని పనిలో పెట్టుకున్న రోజున ఆ ఏడు వారాలు చాలునన్నది మీరే కదా? కల్యాణ కర్ణాటకకు ప్రత్యేక హోదా, 371జె అధికరణం అని సభల్లో వింటుంటాం. పరీక్ష కేంద్రానికి అది వర్తించదు కాబోలు.

సక్షన్ మిషను బ్యాటరీ సంగతి మళ్లీ ఎత్తను. ఎత్తీ ఎత్తీ నోరు నొప్పి పుట్టింది.

ఏం చేయమంటారని అడగొచ్చు. మీకే తెలియాలి. ఒకటో తేదీన నేను దిగిపోతే ఆ సీట్లో కూర్చునేది ఎవరు? కార్డు ఉన్నవాడా, లేక ఎవరూ కాదా? కొంచెం ఆలోచించండి.

బెంగళూరు బస్సుకు టికెట్టు ఇంకా తీసుకోలేదు. ఈ వారమంతా రాత్రి డ్యూటీ. ఫోను చేస్తే ఎత్తుతాను, బండిలో మనిషి లేకపోతే.

ఇట్లు,
మీ చోరనూరు బండి టెక్నీషియన్