పేర్లు లేని దొంగా, పోలీసూ!

కారు ఛేజింగులు మనకు కొత్త కాదు. పది కార్లు పల్టీలు కొట్టడం, నాలుగు పేలిపోవడం, హీరోగారు మాత్రం నలగని చొక్కాతో కిందికి దిగడం - ఇవన్నీ చూసి చూసి ఉన్నాం. అయితే కారు కదలకముందే గుండె దడ పుట్టించిన చిత్రం ఒకటుంది. అదే 1978లో విడుదలైన ‘ది డ్రైవర్’. రచన, దర్శకత్వం వాల్టర్ హిల్.

కథ చిన్నదే. లాస్ ఏంజెలెస్‌లో దోపిడీ చేసి వచ్చిన దొంగలను కారెక్కించుకుని, పోలీసులకు చిక్కకుండా దాటించడమే కథానాయకుడి వృత్తి. మొదటి సన్నివేశంలోనే జూదశాల బయట కారులో కాచుకుని ఉంటాడు. దొంగలు ఎంతకీ రారు! అతని ముఖాన చిరుచెమటైనా ఉండదు. చెమటలు మనకే పడతాయి.

ఇతన్ని ఎలాగైనా పట్టుకోవాలని ఓ డిటెక్టివ్‌కి పంతం. ఆ పంతం ఎంతదాకా పోయిందంటే, కొందరు దొంగలను బెదిరించి తానే ఓ బ్యాంకు దోపిడీ ఏర్పాటు చేయిస్తాడు! ఇక దొంగెవరు, పోలీసెవరు? అసలు సస్పెన్స్ ఇదే.

తమాషా ఏమిటంటే ఇందులో ఏ పాత్రకీ పేరు లేదు. ‘లవ్ స్టోరీ’లో కన్నీళ్లు పెట్టించిన ర్యాన్ ఓనీల్ ఇక్కడ మాట పెగలని డ్రైవర్. డిటెక్టివ్‌గా బ్రూస్ డెర్న్ మాత్రం వాగుడుకాయ. ఇద్దరికీ మధ్య జూదగత్తెగా ఇసబెల్ అజానీ.

“నీ పనితనం చూపించు” అన్న ముఠాకి డ్రైవర్ ఇచ్చే జవాబు చూసి తీరాలి. వాళ్ల మెర్సిడెస్ కారునే పార్కింగ్ స్తంభాల మధ్య తిప్పి, తిప్పి, ముక్కలు ముక్కలు చేసి, “మీతో పని చెయ్యను” అనేస్తాడు!

స్టీవ్ మెక్వీన్ కాదన్న పాత్ర ఇది. అమెరికాలో చిత్రం ఆడనూ లేదు. కానీ 2011లో ‘డ్రైవ్’, 2017లో ‘బేబీ డ్రైవర్’ వచ్చినప్పుడు అందరూ మళ్లీ దీన్నే తలుచుకున్నారు. ‘బేబీ డ్రైవర్’లో హిల్ గొంతు కూడా వినిపిస్తుంది.

ఇద్దరికీ డబ్బు ఒక సాకు మాత్రమే. వాళ్లు ఆడింది పంతం కోసం. పంతానికి పోయినవాడికి చివరికి ఏం దక్కుతుందో క్లైమాక్సులో ఒక సంచి చెబుతుంది. అందులో ఏముందంటారా? అదిక్కడ చెప్పేస్తే మీరు నన్ను క్షమించరు. చూసి తెలుసుకోండి!