వీడియో పెట్టేశాం, చూసుకోండి అంటే సరిపోదు

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

స్కాలర్‌షిప్ దరఖాస్తుల టైములో మా హాస్టల్లో జరిగింది ముందు చెప్తాం. ఫస్టియర్ తమ్ముడికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. సైటు ఒప్పుకోలేదు. సహాయం పేజీ తెరిస్తే ఒక్క వాక్యం లేదు, ఓ యూట్యూబ్ వీడియో అతికించి ఉంది. కాలేజీ ల్యాబులో యూట్యూబ్ బ్లాక్. కనిపించింది ఖాళీ డబ్బా. సైటు తెరుచుకుంటుంది, సాయం మాత్రం తెరుచుకోదు! రాత్రి డాబా ఎక్కి ఫోన్లో పెడితే చక్రం తిరగడమే.

మూడో రోజుకి మొత్తం చూడగలిగాం. 11 నిమిషాల వీడియోలో మాకు కావాల్సింది తొమ్మిదో నిమిషంలో ఉంది. ముందు ఆధార్‌లో పేరు సరిచేయించుకోవాలి, ఆ తర్వాతే మళ్లీ దరఖాస్తు చేయాలి. రెండు లైన్ల మాట! ఆధార్ సెంటర్‌కి పరుగెత్తేసరికి గడువు రెండు రోజులే మిగిలింది. పేరు మారేసరికి గడువు దాటిపోయింది. ఇప్పుడు ఆ ఫీజు ఎవరు కట్టాలి? కాఫీ తోటలో కూలికెళ్లే వాళ్లమ్మ కట్టాలా?

అసలు సంగతి ఏంటంటే, ఆ వీడియో ఆ సైటులో ఉండదు. వేరే కంపెనీ సర్వర్లో ఉంటుంది. సైటువాళ్లు తమ పేజీకి ఓ కిటికీ పెడతారంతే, దాన్నే ఎంబెడ్ అంటారు. సొంత సర్వరుకు బరువు లేదు, వాళ్లకి హాయి. అవతల వీడియో తీసేసినా, ప్రైవేటు చేసినా, మధ్యలో నెట్‌వర్క్ అడ్డుకున్నా కిటికీ మూసుకుపోతుంది. బరువంతా మన డేటా ప్యాక్ మీద పడుతుంది.

లెక్క చూడండి. సెకనుకి ఒక మెగాబిట్ చొప్పున నడిచే వీడియో 10 నిమిషాలకు 75 ఎంబీ తింటుంది. తెలుగులో ఒక్కో గుర్తుకి 3 బైట్లు పట్టినా ఈ పోస్ట్ మొత్తం 15 కేబీ దాటదు. ఆ ఒక్క వీడియో ఖర్చుతో ఇలాంటి పోస్టులు 5,000 చదవొచ్చు.

"మీరు చదువుకున్నోళ్లు, చదవలేని పెద్దోళ్లకు వీడియోనే మేలు కదా" అని కొందరన్నలు అంటారు. నిజమే. మేం వీడియో వద్దనట్లేదు. ఏది ఎక్కడ నొక్కాలో చూపిస్తే తొందరగా అర్థమవుతుంది. కానీ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్లం, మా అమ్మానాన్నలకు ఏ ఫారమైనా విడమర్చి చెప్పేది మేమే. నిజంగా పెద్దోళ్ల కోసమే అయితే ఆ వీడియో కువిలో, ఆదివాసీ ఒడియాలో ఎందుకు లేదు? చెవులు వినపడని విద్యార్థి సంగతేంటి? రికార్డు చేసిన వీడియోకి క్యాప్షన్లు ఉండాలని 2008 నాటి వెబ్ ప్రమాణాలు, డబ్ల్యూసీఏజీ 2.0, మొదటి స్థాయిలోనే చెప్పాయి. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ కూడా సమాచారం వాళ్లకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలంటుంది.

అందుకే మేం అడిగేది ఇదీ:

1. వీడియో కిందే ఏ పని తర్వాత ఏ పనో తెలుగులో రాసి, స్క్రీన్‌షాట్లు పెట్టాలి. వీడియో రాకపోయినా పని ఆగకూడదు.
2. క్యాప్షన్లు ఉండాలి. ఏ నిమిషంలో ఏముందో రాయాలి.
3. చిన్న సైజు ఫైలు సొంత సైటులోనే పెట్టాలి. ఒకరు దించుకుంటే బ్లూటూత్‌లో ఊరంతా పంచుకుంటాం.
4. ఎప్పుడు తయారుచేశారో తేదీ వేయాలి. సైటు మారితే రాసింది దిద్దడం చిన్న పని, వీడియో మళ్లీ తీయడం పెద్ద పని. పాత వీడియోలు అలాగే పడి ఉండేది అందుకే.

మనమూ తక్కువేం కాదు. ఈ గ్రూపులో ఎవరైనా డౌట్ అడిగితే లింకు పడేసి పోతున్నాం. మేమూ అదే చేశాం. ఇకనుంచి లింకు పెట్టేవాళ్లు కింద నాలుగు లైన్లు రాయండి. పేరు తేడా వస్తే ఏం చేయాలో మేం మొత్తం రాసి ఈ వారంలోనే పెడతాం. కువి బాగా వచ్చినవాళ్లు దాన్ని చదివి చిన్న ఆడియో చేసివ్వండి. పై డిమాండ్లతో అర్జీ కూడా రాస్తున్నాం, సంతకం పెట్టేవాళ్లు కామెంట్లో చెప్పండి.

ఆ తమ్ముడి గడువు ఎలాగూ పోయింది. వచ్చే ఏడాది ఇంకో తమ్ముడిది, ఇంకో చెల్లిది పోకూడదు. జోహార్.