దగ్గరి బాకీ, దూరపు బాకీ

వ్యాపారం చేసేవాడికి అప్పు ఉండడం తప్పు కాదు. అప్పు లేని వర్తకుడు మన బజార్లలో కాగడా పెట్టి వెతికినా దొరకడు. ఫలానా ఆయనకు ఏభై లక్షల బాకీ ఉందట అని ముక్కున వేలేసుకుంటాం గాని, ఆ ఏభై లక్షలూ ఎప్పటికి తీర్చాలట అని ఎవరమూ అడగం. అసలు అడగవలసింది అదే. పదేళ్ల పాటు వాయిదాల మీద కట్టుకోవలసిన ఏభై లక్షలు వేరు, వచ్చే సంక్రాంతి లోపల కట్టి తీరవలసిన ఏభై లక్షలు వేరు.

ఈ తేడాను పద్దుపుస్తకాల్లో ఎలా చూపిస్తారో ఈ వారం ముచ్చటించుకుందాం. లెక్కలు మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. అబ్బాయి ఉద్యోగం మాని వ్యాపారం పెడతానంటాడు. అల్లుడుగారు బాంకులో హామీ సంతకం పెట్టమంటారు. రెండు వడ్డీ రాళ్లు ఎక్కువ వస్తాయి గదా అని ఏదో కంపెనీలో డిపాజిట్టు వేద్దామని మనకే అనిపిస్తుంది. అప్పుడు పనికివస్తుంది.

నిజానికి ఈ లెక్క మన ఇళ్లలో తెలియనిదేమీ కాదు. ఇరవై నెలల చీటీ ఒకటి వేసి, నాలుగో నెలలోనే పాడుకున్నారనుకోండి. డబ్బు చేతిలో పడ్డ రోజున అదంతా సంపాదనలాగే ఉంటుంది. కాని ఇంకా పదహారు వాయిదాలు మీరు కట్టాలి. అందులో రాబోయే పన్నెండు నెలలవీ దగ్గరి బాకీ, ఆ పైన మిగిలిన నాలుగూ దూరపు బాకీ. కంపెనీల లెక్కల్లో ప్రస్తుత అప్పులు, దీర్ఘకాలిక అప్పులు అనే పెద్ద మాటలకు అర్థం ఇంతే.

2013 నాటి కంపెనీల చట్టంలో మూడో షెడ్యూలు ఒకటి ఉంది. ఆస్తి అప్పుల పట్టీ ఏ వరుసలో వ్రాయాలో అది చెబుతుంది. పట్టీ తేదీ నుంచి పన్నెండు నెలల లోపల తీర్చవలసినదంతా ప్రస్తుత అప్పు. సరుకు కొన్నది మొదలు అది అమ్ముడై రొక్కం చేతికి వచ్చేదాకా పట్టే కాలం కొన్ని వ్యాపారాల్లో ఏడాది దాటిపోతుంది. అటువంటి చోట ఆ తిరుగుడులో తీరే బాకీ కూడా ప్రస్తుతపు బాకీయే. 2011కి ముందు మన దేశంలో పద్ధతి వేరు. కంపెనీ తెచ్చుకున్న రుణాలను తాకట్టు ఉన్నవీ, లేనివీ అని విడదీసేవారు. అప్పిచ్చినవాడికి ఏం పూచీ ఉందో దానివల్ల తెలిసేది గాని, తీసుకున్నవాడికి ఊపిరి ఎన్నాళ్లు ఆడుతుందో తెలిసేది కాదు. ఆ ఏడాది నుంచే గడువును బట్టి విడదీయడం మొదలైంది. మంచి మార్పు, ఇంకా ముందే రావలసింది.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. తణుకు దగ్గర ఒక రైసుమిల్లు కంపెనీ ఉందనుకోండి. యంత్రాల కోసం బాంకు దగ్గర రు. 60 లక్షలు తెచ్చారు. పదేళ్ల గడువు, ఏటా అసలులో ఆరు లక్షలు కట్టాలి. గుమాస్తా మొత్తం అరవై లక్షలనూ దీర్ఘకాలిక అప్పు కింద వ్రాసి, చేతులు దులుపుకుంటాడు. అది తప్పు. ఈ ఏడు కట్టవలసిన ఆరు లక్షలు తీసి ప్రస్తుత అప్పుల్లో వెయ్యాలి. యాభై నాలుగు మాత్రమే అక్కడ ఉండాలి. ప్రతి మార్చి 31నా మరో ఆరు లక్షలు ఆ గదిలోంచి ఈ గదిలోకి రావలసిందే.

ఇక మిగతా బాకీలు. ధాన్యం పోసిన రైతులకు ఇవ్వవలసినది 14 లక్షలు. బాంకు క్యాష్ క్రెడిట్టు ఖాతాలో వాడుకున్నది 20 లక్షలు. జీతాలు, కరెంటు బిల్లు, పన్నులు కలిసి 3 లక్షలు. బియ్యం కోసం వర్తకులు ముందుగా ఇచ్చిన బయానా 2 లక్షలు. యజమానిగారి బావమరిది ఇచ్చిన చేబదులు 5 లక్షలు.

క్యాష్ క్రెడిట్టు మాటకు చాలామంది అభ్యంతరం చెబుతారు. “ఇరవై ఏళ్లుగా ఏటేటా తిరగవ్రాస్తూనే ఉన్నారండీ, అది మాకు శాశ్వతమే” అంటారు. కావచ్చు. కాని అడిగిన తక్షణం చెల్లించాలి అన్న షరతు ఆ కాగితంలోనే ఉంటుంది గనక అది ప్రస్తుత అప్పే. బావమరిదిగారి చేబదులూ అంతే. “మీ వీలు చూసుకుని ఇద్దురుగాని బావగారూ” అన్న మాట ఎంత తియ్యగా ఉన్నా అందులో తేదీ లేదు. ఆయన కూతురి పెళ్లి కుదిరిందంటే రేపే అడుగుతారు. బయానా డబ్బు సంగతి మరీ చిత్రం. చేతికి రాగానే అమ్మకం కింద జమ కట్టేసుకునేవారు ఉన్నారు. బియ్యం తోలేదాకా అది పరాయి సొమ్ము. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతూ, చీరలు తెప్పించి ఇస్తూ అడ్వాన్సులు తీసుకునే సోదరీమణులు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు కూడండి: 6, 14, 20, 3, 2, 5. మొత్తం ఏభై లక్షలు ఈ ఏడాదిలో అడగదగ్గ బాకీ. దానికి ఎదురుగా ఏమున్నాయి? ధాన్యం, బియ్యం, తౌడు నిల్వలు 30 లక్షలు, అరువు మీద అమ్మిన సరుకుకు రావలసినవి 9, రొక్కం 3. వెరసి నలభై రెండు. ఎనిమిది లక్షలు తక్కువ! ఈ మిల్లు నష్టంలో లేదు సుమండీ. యంత్రాలు కోటి రూపాయలు చేస్తాయి, లాభం కూడా చూపిస్తోంది. అయినా బాంకువారు ఒక్కసారి ముఖం చిట్లిస్తే జీతాలకు తడుముకోవలసిందే. మిల్లు రోలరు విప్పి రైతు చేతిలో పెట్టలేం గదా.

దీర్ఘకాలిక అప్పుల్లో బాంకువే కాక కంటికి కనపడనివీ ఉంటాయి. అందులో ముఖ్యమైనది గ్రాట్యుటీ. పూర్తి చేసిన ప్రతి ఏడాది సర్వీసుకూ పదిహేను రోజుల జీతం చొప్పున అన్నది 1972 నాటి చట్టం నుంచి వస్తున్న లెక్క. పనివాడు దిగిపోయే రోజున ఇచ్చేదే అయినా ఆ బాకీ ఏటా పెరుగుతూనే ఉంటుంది. ఏటికి ఆ ఏడు వ్రాసుకోని యజమానికి ముగ్గురు పాతకాపులు ఒక్కసారి రిటైరైతే తెలిసివస్తుంది.

ఇదంతా చిన్న వ్యాపారుల గొడవ అనుకోకండి. 1987లో పుట్టిన ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లీజింగ్ అండ్ ఫైనాన్షియల్ సర్వీసెస్ అనే సంస్థ దేశమంతటా రోడ్లకూ, విద్యుత్ కేంద్రాలకూ డబ్బు సమకూర్చింది. జమ్మూలో 2017లో ప్రారంభమైన చెనాని–నష్రీ సొరంగం, తొమ్మిది కిలోమీటర్లు, దాని అనుబంధ కంపెనీ తవ్వినదే. మన హైదరాబాదు మేటాస్ ఇన్‌ఫ్రాను సత్యం కుంభకోణం తరువాత చేతిలోకి తీసుకున్నదీ ఈ సంస్థే. వాటాదారుల్లో జీవిత బీమా సంస్థ, స్టేట్ బాంకు ఉన్నాయి. 2018 ఆగస్టు దాకా దాని పరపతికి ఇచ్చిన మార్కు అన్నిటికన్నా పైది.

ఒక్క నెలలో ఆ మార్కు అట్టడుగుకు పడిపోయింది. ఎందుకంటే, రోడ్డు వేస్తే సుంకం రూపంలో పెట్టుబడి తిరిగి రావడానికి పాతికేళ్లు పడుతుంది. ఆ పనులకు తెచ్చిన డబ్బులో చాలా భాగం తక్కువ గడువుది. అందులో కమర్షియల్ పేపరనే నోట్లు కూడా ఉన్నాయి. వాటి గడువు ఏడాదికి మించదు. పాత నోటు తీర్చడానికి కొత్త నోటు, అది తీర్చడానికి మరొకటి. కొత్త నోటు కొనేవాడు ఉన్నంతకాలం బండి నడిచింది. పనులు ఆలస్యమయ్యాయి, రావలసిన బిల్లులు తగాదాల్లో చిక్కుకున్నాయి. సెప్టెంబరులో నోట్లకు డబ్బు లేదు. రోడ్లూ సొరంగాలూ ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటనే ఉన్నాయి! అక్టోబరు 1న ప్రభుత్వం పాత డైరెక్టర్లను తప్పించి కొత్త బోర్డును వేయించింది. అప్పటికి ఆ సముదాయం మొత్తం అప్పు సుమారు రు. 91,000 కోట్లు. యాజమాన్యం మీద వచ్చిన ఆరోపణలు వేరే ఉన్నాయి, వాటి జోలికి ఇక్కడ పోవద్దు. ఉద్యోగుల ప్రావిడెంటు ఫండు సొమ్ము కూడా అందులో ఇరుక్కుంది. అంటే మధ్యతరగతివాళ్ల ముసలితనపు డబ్బు.

ఇక హామీ సంతకం. ఇతరుల అప్పుకు కంపెనీ పూచీ పడితే ఆ మొత్తం ఏ గదిలోనూ కనిపించదు. పట్టీ కింద చిన్న అక్షరాల వివరణల్లో ఉంటుంది. చదివేటప్పుడు ముందు అక్కడికే వెళ్లండి. మనలాంటి మనిషి పూచీ పడితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అప్పు తెచ్చినవాడి బాధ్యత ఎంతో మన బాధ్యతా అంతే. ఒప్పందంలో వేరే మాట లేకపోతే బాంకువారు ముందు ఆయన్ని అడిగి తరువాత మన దగ్గరికి రావాలన్న నియమం లేదు. అల్లుడుగారిని అడగడానికి మొహమాటపడితే అమ్మాయి చేత అడిగించండి: ఏడాది లోపల కట్టవలసినది ఎంత, దానికి ఎదురుగా ఏడాదిలో చేతికి వచ్చేది ఎంత అని. రిజిస్టరైన కంపెనీ అయితే లెక్కలు ప్రభుత్వ కార్యాలయంలో దాఖలై ఉంటాయి, కొద్ది రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. భాగస్తుల దుకాణమైతే బాంకుకు ఇచ్చిన పట్టీ నకలు తెప్పించుకోండి.

మిల్లు యంత్రాలు కోటి రూపాయలు చేస్తాయన్నాను గదా, ఆ కోటి ఏటేటా ఎలా తరుగుతుందో వచ్చే వారం.