తాళం మంచిదే, మరి తలుపు తీసేదెవరు?

"మీకేం అత్తయ్యా, మీది మాక్. దానికి వైరస్ అన్నమాటే లేదు" అని భరోసా ఇచ్చి వెళ్లాడు మా మేనల్లుడు. ఇలాంటి భరోసాలంటే నాకు మొదట్నించీ ఒళ్లుమంట. "మా వీధికి దొంగలు రారండీ" అనేవాళ్లే పెరటి గుమ్మం గడియ మర్చిపోతారు!

యూనిక్స్ వంశపు మాక్‌కీ, ఆ పోలికలతోనే పుట్టిన లినక్స్‌కీ కట్టుదిట్టం ఎక్కువే, కాదనను. ఇంటి పెత్తనం, అంటే 'రూట్' అధికారం, వేరు; రోజూ వాడుకునే మన అధికారం వేరు. మన పేరుతో దూరినవాడు, మరో లొసుగు దొరికితే తప్ప, సిస్టమ్ మొత్తాన్ని మార్చలేడు. మంచి ఏర్పాటే. కానీ నేను రెండేళ్లు కూర్చుని రాసిన నవల, పిల్లల ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయి? నా అధికారం కిందేగా! వచ్చినవాడికి అవి చాలవూ? ఇనప్పెట్టెకు తాళం వేసి, నగలు మంచం మీద పరిచినట్టుంది.

1988 నవంబరులో మోరిస్ వర్మ్ పాకింది యూనిక్స్ యంత్రాల మీదే. 2012లో 'ఫ్లాష్‌బ్యాక్' అనేది 6 లక్షలకు పైగా మాక్‌లలో దూరింది. జావాలోని ఆ కన్నాన్ని ఒరాకిల్ ఫిబ్రవరిలోనే పూడ్చినా, ఆపిల్ తన మాక్‌లకు ఆ మరమ్మతు ఏప్రిల్‌లోగాని అందించలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరగడమంటే ఇదే. 2016లో లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడి, జనం దింపుకునే ప్రతికే దొంగదారి పెట్టారు.

అంతెందుకు? మొన్న నా తెరమీద "పాస్‌వర్డ్ ఇవ్వండి" అని ఓ పెట్టె ప్రత్యక్షమైంది. ఎవరు, ఎందుకు అని అడక్కుండానే సగం కొట్టేశాను. కుక్కర్ కూత వేసింది కాబట్టి లేచాను, బతికిపోయాను. తిరిగొచ్చి చూస్తే, అది నేనడగని ప్రోగ్రామ్! తాళంచెవి నేనే చేతికిస్తే యూనిక్స్ మాత్రం ఏం చేస్తుంది?

2024లో లినక్స్‌లో వాడే 'ఎక్స్‌జెడ్' అనే పనిముట్టులో దొంగదారి బయటపడింది. ఎలాగో తెలుసా? లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీశాడు, అంతే.

పాలవాడు పది నిమిషాలు ఆలస్యమైతే నిలదీసే మనకు ఆ ఆరా కొత్తా చెప్పండి? అప్‌డేట్లు వాయిదా వెయ్యకండి. ముఖ్యమైనవాటికి వేరేచోట ఇంకో ప్రతి ఉంచుకోండి. పాస్‌వర్డ్ అడిగితే "ఎవరది?" అని అడగందే గడియ తియ్యకండి.

ఈసారి మేనల్లుడొస్తే కాఫీ ఇస్తాను గానీ, భరోసా మాత్రం పుచ్చుకోను!