ఆ రెండు చక్రాల విలువ ఎంత?

బండి మనదే. దాని మీద రోజూ ఉద్యోగానికో, బజారుకో, పిల్లల బడికో వెళ్లేదీ మనమే. ఇన్సూరెన్సు పాలసీ కాగితం మాత్రం బీరువాలో, ఆయనగారి ఫైల్లో భద్రంగా ఉంటుంది. బండికి ఏదైనా అయిన రోజున అది బయటికొస్తుంది. అప్పుడు ఎంత చదివితే ఏం లాభం చెప్పండి? అందులో రాసి ఉన్నదే మనది. రాయనిది మన కళ్లెదుట బండికి బిగించి ఉన్నా, లెక్కలోకి రాదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయినప్పుడు ఈ సంగతి ఎన్నో ఇళ్లకు ఒకేసారి తెలిసొచ్చింది. స్కూటర్లు, ఆటోలు, కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. పాలసీ ఉంది కదా, డబ్బు వస్తుందిలే అనుకున్నారు అందరూ. చాలామందికి వచ్చింది కూడా. ఎంత వచ్చింది, ఎందుకు అంతే వచ్చింది అన్న దగ్గరే పేచీ అంతా.

వాటిలో ఒకటి నేను దగ్గరుండి చూశాను. ఆవిడ నాకు వరసకు వదిన. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు పనిచేయదు. బడిలో పంతులమ్మ. స్కూటరు కొన్న వారంలోనే 22,000 రూపాయలు పెట్టి వెనక చక్రానికి అటొకటి, ఇటొకటి అదనపు చక్రాలు బిగించుకుంది. ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి ఆర్సీలో ఆ మార్పు రాయించుకుంది కూడా. బస్సు మెట్లు ఎక్కలేని మనిషికి ఆ రెండు చక్రాలు సోకు కోసం పెట్టుకున్న వస్తువులా? అవి లేకపోతే బడి లేదు, జీతం లేదు, సాయంత్రం కూరగాయలకు వెళ్లడమూ లేదు.

వరద తీశాక చూస్తే ఇంజనులో బురద, వైరింగంతా పాడు. మునిగిన బండిని పొరపాటున కూడా స్టార్ట్ చేయకూడదని ఎవరో చెప్పారట, వదిన తాళం చెవి ముట్టుకోలేదు. మంచిపని చేసింది. నీళ్లున్న ఇంజనును తిప్పి పాడుచేశారన్న కారణంతోనే కంపెనీలు ఇంజను ఖర్చు కొట్టేస్తుంటాయి. షెడ్డులో వేసిన ఎస్టిమేటు 47,000. పాలసీలో బండికి రాసిన విలువ 56,000. రిపేరు ఖర్చు ఆ విలువలో నూటికి 75 దాటితే ఇక బాగుచేయరు, బండి మొత్తం పోయినట్టే లెక్క కడతారు. దాన్నే 'టోటల్ లాస్' అంటారు.

మూడు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. బండి పాతది గనుక మార్కెట్లో 45,000 చేస్తుందట, అంతే ఇస్తారట. చక్రాల మాట ఎత్తనే లేదు. ఫోన్ చేసి అడిగితే 'అవి యాక్సెసరీసమ్మా, పాలసీలో లేవు' అన్నారు. వదిన ఇంకేదో అడగబోతే, 'ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే ఇవ్వండమ్మా, వివరంగా చెబుతాం' అని కూడా అన్నారు. 'నాకే చెప్పండి బాబూ, ప్రీమియం కట్టింది నేనే' అంది వదిన.

ఇక్కడ రెండు పేచీలున్నాయి. రెండూ ఒకటి కాదు, కలిపేస్తే నష్టపోతాం.

మొదటిది 56,000 సంగతి. పాలసీ మొదటి పేజీలో 'ఐ.డి.వి.' అని ఒక అంకె ఉంటుంది. కంపెనీ, మనం ఒప్పుకున్న బండి విలువ అదే. 2002 నాటి మోటార్ టారిఫ్ దీనికొక లెక్క పెట్టింది. షోరూం ధరలో ఏడాది దాటి రెండేళ్ల దాకా 20 శాతం, రెండు దాటి మూడేళ్ల దాకా 30 శాతం, ఆపైన నాలుగేళ్ల దాకా 40 శాతం తరుగు తీస్తారు. వదిన బండి 80,000, రెండేళ్లు దాటింది, కాబట్టి 56,000. తరుగు అక్కడే తీసేశారన్నమాట. బండి మొత్తం పోతే, పాలసీ నడుస్తున్నన్నాళ్లూ ఆ అంకెనే మార్కెట్ విలువగా చూడాలని, మళ్లీ తరుగు తీయకూడదని ఆ పాలసీ వెనక సన్న అక్షరాల్లో ఉంది. వదిన భూతద్దం పెట్టి ఆ వాక్యం వెతికింది, ఉన్నదున్నట్టు ఉత్తరంలో ఎత్తిరాసింది, సర్వేయరు రిపోర్టు నకలు ఇవ్వమని అడిగింది. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. గొడవ లేదు, కన్నీళ్లు లేవు. నెల తిరక్కుండా దారికొచ్చారు. తప్పనిసరి కోత వంద రూపాయలు పోను 55,900 ఇచ్చారు.

రెండోది చక్రాలది. నిజం చెప్పాలంటే ఇందులో కంపెనీ మాటకే బలం ఎక్కువ. షోరూం ధరలో లేనిది ఏది బిగించినా, చక్రాలు గానీ, గ్యాస్ కిట్టు గానీ, టిఫిన్ బండికి కట్టించిన స్టీలు కౌంటరు గానీ, దాని విలువ విడిగా చెప్పి, రాయించి, దానికీ ప్రీమియం కట్టాలి. వదిన పాలసీలో ఆ గడి ఖాళీగా ఉంది.

కానీ ఆ ఖాళీ గడి ఎవరిదండీ? దివ్యాంగుల కోసం మార్చిన బండికి, ఆ మార్పు ఆర్సీలో ఉంటే, సొంత నష్టం ప్రీమియంలో సగం తగ్గించాలని ఆ టారిఫ్ లోనే ఉంది. ఆ రాయితీ వదినకు ఇచ్చారు కూడా. అంటే చక్రాలున్నాయని తెలిసే పాలసీ రాశారు కదా! తెలిసినవాళ్లు 'వీటి విలువ ఎంతమ్మా' అని ఒక్క మాట అడగలేరా? ఆర్సీలో మార్పు కనిపిస్తున్నా ఆ గడి ఖాళీగా వదిలి పాలసీ ఇవ్వడం తప్పని నా అభిప్రాయం. కుంటివాళ్లకు కాళ్లు యాక్సెసరీస్ అనే లెక్క ఏ టేబులు దగ్గర కూర్చుని రాసినా అన్యాయమే. కంపెనీలు తమంతట తాము మార్చుకోకపోతే బీమా నియంత్రణ సంస్థ మార్పించాలి.

డబ్బు రాకపోయినా వదిన ఇంకో పని చేసింది. 'మీరు లెక్కకట్టని వస్తువు మీకెలా ఇస్తాను?' అని, బండిని తుక్కుకు తోలుకెళ్లేలోగా మెకానిక్కును పిలిపించి ఆ రెండు చక్రాలు విప్పించేసుకుంది. అభ్యంతరం చెప్పడానికి వాళ్ల దగ్గర మాట లేకపోయింది. బేరింగులు మార్చి, రంగు వేయించి, అదే మోడలు కొత్త బండికి బిగించారు. ఈసారి పాలసీలో చక్రాల విలువ రాయించింది. దానికోసం అదనంగా కట్టింది ఒక జాకెట్టు కుట్టుకూలి కంటే తక్కువే!

కంపెనీ దారికి రాకపోతే? నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. 1998 నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. మన రెండు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆయన ఇచ్చిన తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, మనకు మాత్రం ఆ బలవంతం లేదు. అది కాదంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్లు దాటనివ్వకూడదు.

డబ్బు ఇచ్చేటప్పుడు ఒక రసీదు మీద సంతకం అడుగుతారు. 'పూర్తిగా ముట్టింది, ఇక నాకే బాకీ లేదు' అని ఉంటుందది. తొందర పెడతారు, చదవందే పెట్టకండి. మోసంతోనో, ఒత్తిడితోనో పెట్టించుకున్న సంతకం మన నోరు కట్టేయదని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. అయితే ఆ ఒత్తిడి రుజువు చేయాల్సింది మనమే, అది అంత తేలిక కాదు.

మరో సంగతి, ఇది చాలామంది మర్చిపోతారు. తుక్కుకు పోయిన బండి ఆర్సీ ఇంకా మన పేరు మీదే ఉంటుంది. దాన్ని ఎవరో బాగుచేసి రోడ్డెక్కిస్తే చలానాలు మన ఇంటికొస్తాయి, ప్రమాదం జరిగితే పోలీసులూ మన ఇంటికే వస్తారు. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షనులో ఉంది. ఆ కాగితం ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకుని, దాన్ని మీ ఫైల్లోనే పెట్టుకోండి.