పొద్దుగూకాక మొదలయ్యే దినం

పేరున్న మనిషి కన్నుమూస్తే మన పత్రికల శీర్షికల్లో ఒక సూర్యుడు అస్తమిస్తాడు. ముసలితనం జీవన సంధ్య అవుతుంది. పార్టీ చిత్తుగా ఓడితే ఒక శకమే అస్తమిస్తుంది. ఈ పోలిక ఎంత అరిగిపోయిందన్నది పక్కన పెడదాం. అసలది మన బతుకుకు అతుకుతుందా? హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ సాయంత్రాలు చూస్తే అతకదనే చెప్పాలి. ఇక్కడ పొద్దుగూకడమంటే చాలామందికి పని మొదలవడం. మెట్రో స్తంభాల పక్కన తోపుడుబండి మీది టార్పాలిన్ లేస్తుంది, బ్యాటరీకి బల్బు తగులుతుంది. నూనె కాగిందో లేదో చూడటానికి మూకుట్లో శనగపిండి చుక్క పడుతుంది. అది చుయ్యిమని పైకి తేలితే మొదటి వాయి మిర్చి దిగుతుంది. ఈలోగా కోచింగ్ సెంటర్ల మెట్లు దిగిన పిల్లలు హాస్టల్ భోజనానికి ముందు ఆకలి తీర్చుకోవడానికి బండి చుట్టూ మూగుతారు. ఫుట్‌పాత్ మీద బట్టల బేరాలు ఊపందుకునేదీ అప్పుడే.

ఇక్కడి నుంచి ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు అస్తమయం కంటపడటమే అరుదు. ఉద్యోగాలు హైటెక్ సిటీ వైపు, ఇళ్లు తూర్పున. పొద్దున పడమటికి, సాయంత్రం తూర్పుకు ప్రయాణం కాబట్టి రెండు పూటలా సూర్యుడు వీపు వెనకే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక ప్రయాణం తేలికైంది కానీ దిక్కు మారలేదు. కాబట్టి వాళ్లకు సాయంత్రం అంటే ఆకాశంలో రంగులు కాదు, రైలు దిగగానే ఎదురయ్యే బజారు.

సాహిత్యంలో అస్తమయం అంటే ముగింపే కదా అనేవారికి మన ప్రబంధాలే జవాబు. పెద్దన మనుచరిత్రలో తన ప్రేమను కాదని ప్రవరుడు వెళ్లిపోయాక, వరూధిని విరహంలో ఉండగా పొద్దు గూకుతుంది, చంద్రుడు వస్తాడు. కథ అక్కడితో ఆగదు. ప్రవరుడి రూపంలో మాయాప్రవరుడు వచ్చేది ఆ తర్వాతే. ఇళ్లలో అసుర సంధ్య అని భయపెడతారుగా అనవచ్చు. ఆ భయం చెప్పే మాటలు చూడండి: ఆ వేళ పడుకోవద్దు, ఏడవొద్దు, దీపం పెట్టి వీధి తలుపు తెరిచి ఉంచు. లేచి ఉండమనడమే కదా ఇదంతా! ఇస్లామిక్ క్యాలెండర్‌లోనైతే కొత్త తేదీ సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. నెలవంక చూసిన సాయంత్రమే రంజాన్ నెల వచ్చేసినట్టు.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. 2013 ఫిబ్రవరి 21న, పొద్దుగూకి గంట తిరగకముందే, దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలాయి. అందులో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు ఆ సాయంత్రం ముగింపే. దాన్ని ఏ వాదమూ మార్చలేదు. అయితే అంతమంది బలైంది ఎందుకు? ఆ వేళ ఆ రోడ్డు కిక్కిరిసి ఉంటుంది గనుక. ఆ తర్వాత కూడా బజారు సాయంత్రాన్ని వదులుకోలేదు. ఇక బండివాళ్ల చాకిరీని అందంగా చూపిస్తున్నారన్న విమర్శ ఉంది, అందులో నిజముంది. రాత్రి దాకా నిలబడి సంపాదించేవారికి కావలసింది వర్ణన కాదు, వసతి. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసింది. బండి ఎక్కడ పెట్టాలన్నదే కాదు, ఏ వేళ దాకా నడవాలి, అప్పటిదాకా మరుగుదొడ్డి తెరిచి ఉంటుందా అన్నదీ ఆ చట్టం అమలులో తేలాలి. వెలుతురూ అలాంటి వసతే. హైదరాబాద్‌లో నవంబరు చివర సుమారు 5.40కే పొద్దుగూకుతుంది, జూలై మొదట్లో 6.55 దాకా పొద్దుంటుంది. కోచింగ్ క్లాసు వదిలే గంట మాత్రం రెండు కాలాల్లోనూ ఒకటే. కాబట్టి హాస్టళ్ల సందుల్లో వీధి దీపాలు గడియారాన్ని కాకుండా సూర్యుణ్ణి చూసి వెలగాలి, అదీ నవంబరు రాకముందే సరిచేయాలి.