మరియొక సంవత్సరము: కృష్ణా డెల్టా క్రైస్తవ సంఘములకు విన్నపము



దేవుని దీర్ఘశాంతమును గూర్చి విననివారు మన సంఘములలో లేరు. ఆ దీర్ఘశాంతము మనకు ఎందుకు అనుగ్రహింపబడినదో విచారించువారు మాత్రము అరుదు. నాట్లు కానిమ్మనియు, కోతలు కానిమ్మనియు, పిల్ల పెండ్లి కానిమ్మనియు మారుమనస్సును ఒక కార్తెనుండి మరియొక కార్తెకు జరుపుకొనుచు, ఆయన దయాళువు గనుక ఓర్చుకొనునని మనకు మనమే ధైర్యము చెప్పుకొనుచున్నాము. ఆయన ఓర్చుట సత్యమే. ఆ ఓర్పు మనము మారుటకై ఈయబడిన గడువని జ్ఞాపకము చేయుటకే ఈ కరపత్రము.

లూకా సువార్త 13వ అధ్యాయమును మరల తెరచి చూడుడు. సిలోయములోని గోపురము కూలి పదునెనిమిదిమంది మడియగా, వారు తక్కినవారికంటె పాపాత్ములనెడి తలంపును ప్రభువు నిష్కర్షగా త్రోసివేసెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో పల్లెలకు పల్లెలే తుడిచిపెట్టుకొనిపోయినవి. ఆ మృతులది పాపఫలమని నేటికిని పలుకువారికి ప్రభువు మాటలో ఆధారము లేదు. ఆ మాట ముగిసిన వెంటనే ఆయన అంజూరపు చెట్టు ఉపమానము చెప్పెను. మూడేండ్లు వెదకినను ఫలము కానరాని చెట్టును నరకుమని యజమానుడనగా, తోటమాలి మరియొక సంవత్సరము గడువడిగి, దాని చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనని పూనుకొనెను. పోయినవారి పాపమును లెక్కించుట మానుడనియు, మిగిలియున్న మనము గడువులోనున్న చెట్లమనియు ఈ రెండు మాటలు కలిసి బోధించుచున్నవి.

పులిగడ్డ అక్విడక్టు దాటి శివారు భూములకు వంతు నీరు పారునాడు ఏ రైతును ఇంట కూర్చుండడు. పార పట్టుకొని రాత్రియైనను బోదె వెంట నడచి మడవ తెరచుకొనును, ఏలయన వంతు దాటినచో కాలువ నిండుగా పారుచున్నను ఆ నీరు అతని చేనిది కాదు. మారుమనస్సునకై దేవుడిచ్చు పిలుపు విషయమున మనకీపాటి జాగరూకత లేకపోవుట శోచనీయము.

ఈ గడ్డమీద పిలుపునకు లోబడినవారి చరిత్రయు, వాయిదా వేసినవారి చరిత్రయు కలవు. మిషనరీలైన రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు 1841లో బందరునకు వచ్చిరి; 1843లో నోబుల్ ఆంగ్ల పాఠశాల తెరచెను. తొమ్మిదేండ్ల బోధ తరువాత, 1852లో, మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇరువురు విద్యార్థులు బాప్తిస్మము పొందగా, ఊరు అట్టుడికినట్లుడికి పాఠశాల ఖాళీయైనది. ఆ యువకులు తమవారు సమ్మతించువరకు ఆగలేదు; బంధువర్గమును, కులమర్యాదను వదలుకొని వచ్చి, తరువాత సంఘకాపరులైరి. అయితే ఆ పాఠశాలలోనే మాల మాదిగ పిల్లలకు ప్రవేశము లేకుండెను. అగ్రవర్ణముల విద్యార్థులు చెదరిపోకుండుటకై నోబుల్ దొర పెట్టిన కట్టడి అది. ఆయన భక్తి ఎంత గొప్పదైనను, సమానత్వపు పిలుపు అక్కడ వాయిదాపడినదని ఒప్పుకొనక తప్పదు. దేవుడు ఆ తలుపు తెరచుకొనువరకు ఆగలేదు. 1859లో రాఘవాపురపు మాల పెద్ద పగోలు వెంకయ్య, బెజవాడ మిషనరీ డార్లింగు బోధ విని బాప్తిస్మము పొందెను. తరువాత ఆ ప్రాంతమున పల్లె వెంబడి పల్లె ప్రభువును నమ్ముకొనెను.

ఆ విశ్వాసుల సంతతియైన మనము నేడేమి చేయుచున్నాము? నెలలో మొదటి ఆదివారము, సంస్కారమునాడు, గుడిలో చూడుడు. గట్టు తగాదాతో ఏండ్లుగా మాటలు లేని అన్నదమ్ములలో ఒకడు కిటికీ ప్రక్కను, ఒకడు ద్వారము ప్రక్కను కూర్చుందురు. ఒకే పాత్రలోని ద్రాక్షారసము ఇరువురి పెదవులకు తగులును. ప్రార్థన ముగియగానే చెరియొక దారిని పోవుదురు. కొన్ని పల్లెలలో మాలలకొక గుడి, మాదిగలకొక గుడి. పాట ఒకటే, పరిశుద్ధ గ్రంథమొకటే, వియ్యము మాత్రము లేదు. రానున్న పండుగల తరువాత చూతమని దీనినెన్ని తరములుగా దాటవేయుచున్నాము!

కావున ఒక్క సంవత్సరమును త్రవ్వి ఎరువు వేయు సంవత్సరముగా ఎంచి, ప్రతి సంఘము ఈ మూడు కార్యములు చేపట్టవలెనని ప్రార్థించుచున్నాము.

మొదటిది: ప్రభు సంస్కారమునకు ముందటి శనివారము సాయంకాలము సమాధాన కూటము జరుపవలెను. పగగలవారు ఆ రాత్రియే ఒకరి యింటికొకరు పోవలెను. పెద్దలు తోడు నడువవలెను.

రెండవది: ఎగబెట్టిన కూలి, అప్పు తీరినను తిరిగి ఈయని తాకట్టు నగ, మాట తప్పిన కౌలు లెక్క, ఇవి విశ్వాసుల చేతిలో నున్నచో ఈ యేడు ముగియకముందే చెల్లింపవలెను.

మూడవది: ఒకే ఊరి రెండు గుళ్ళవారు ఈ యేట ఒక్కసారియైనను కలిసి సంస్కారము పుచ్చుకొని, ఒకే పంక్తిని భుజింపవలెను, యువతీయువకులు ఇష్టపడిన వివాహమునకు కులమడ్డని కాపరియు పెద్దలును పలుకరాదు.

ముందుగా ఎవరు పోవలెనని కొందరు ప్రశ్నింతురు. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి పొమ్మని మత్తయి సువార్త 5వ అధ్యాయమున ప్రభువు చెప్పినది, తన సహోదరునికి తనమీద విరోధమున్నదని జ్ఞాపకము వచ్చినవానికే. జ్ఞాపకము వచ్చినవాడే ముందు లేవవలెను. తరముల భేదము ఒక్క యేట పోవునాయని మరికొందరు సంశయింతురు. తోటమాలి ఫలమునకు హామీ ఈయలేదు. పని మొదలుపెట్టుటకు మాటయిచ్చెను. మననుండి కోరబడునదియు అంతియే.

సంఘ పెద్దలారా, రాబోవు కమిటీలోనే ఈ మూడింటిని తీర్మానింపుడు. కాపరులారా, ఈ ఆదివారమే ప్రకటింపుడు. విశ్వాసులారా, తీర్మానముకొరకు ఆగక, మీ మనస్సున మెదలుచున్న ఆ ఒక్కరి యింటికి నేడే బయలుదేరుడు.